భారీ యాత్రా వాహనం

రావికంపేట రవాణా కార్యాలయంలో తెలుగు భాషకు మంచిరోజులు వచ్చిన ఏడాదే డాక్టర్ సువార్తమ్మకు పెద్ద మోటారు సైకిలు కొనాలన్న బుద్ధి పుట్టింది. ఈ రెండూ వేరువేరు సంవత్సరాల్లో జరిగి ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

సువార్తమ్మ పశువైద్యురాలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిణ్ణి మారేడుమిల్లి పశువుల ఆసుపత్రికి వేశారు. ఆడపిల్లని తీసుకెళ్లి అడవిలో పారేశారని చుట్టాలందరూ ఏడ్చారు. ఆవిడ మాత్రం ఒక పాత మోటారు సైకిలు సంపాదించి, వెనక మందుల పెట్టె కట్టుకుని, తెల్లారి లేస్తే చింతూరు వైపు ఘాట్ రోడ్డు మీద తిరుగుతూ ఉండేది. ఏ గూడెంలో ఏ ఆవు ఈనలేక అవస్థ పడుతున్నా ముందు బండి చప్పుడు వినబడేది, తరవాత డాక్టరమ్మ కనబడేది. కొన్నాళ్లకి ప్రమోషను వచ్చింది. ప్రమోషనుతో జీపు వచ్చింది, జీపుతో డ్రైవరొచ్చాడు, డ్రైవరొచ్చాక ఆవిడ వెనక సీట్లోకి మారింది. మనిషి హోదా పెరిగేకొద్దీ సీటు వెనక్కి జరుగుతుందన్నమాట. రిటైరయ్యాక జీపూ పోయింది, డ్రైవరూ పోయాడు, వెనక సీటు మాత్రం మిగిలింది. ఎక్కడికి బయల్దేరినా అక్క శాంతమ్మ ఆటో పిలిచి ఎక్కించేది.

ఇంతలో ఎడమ మోకాలు అరిగిపోయిందని ఎముకల డాక్టరు ఫొటో తీసి చూపించాడు. ఎండలు ముదరక ముందే కీలు మార్చాలన్నాడు. మార్చాక మోటారు సైకిళ్ల ఊసెత్తొద్దన్నాడు. ఎన్నో ఎద్దుల కీళ్లు పట్టి చూసిన మనిషి కనక, డాక్టరు చెప్పింది నిజమేనని సువార్తమ్మకు తెలుసు. ఎండలు ముదరడానికి ఇంకా ఒక చలికాలం ఉంది. ఆలోగా ఆ ఘాట్ రోడ్డు ఇంకొక్కసారి, తన చేతులతో తను హ్యాండిల్ పట్టుకుని ఎక్కాలి. అంతకు మించి ఆవిడ దేవుణ్ణి ఏమీ అడగలేదు.

"ఏమే, ఈ వయసులో మోటారు సైకిలేంటే? చర్చిలో నలుగురూ ఏమనుకుంటారు? పోనీ కారు మాట్లాడుకుని, డ్రైవర్ని పెట్టుకుని పోదాం. నీ ఘాటేదో నువ్వు కిటికీలోంచి చూసుకుందువు గాని" అంది శాంతమ్మ.

"కిటికీలోంచి చూట్టానికి అదేమన్నా పెళ్లి ఊరేగింపా అక్కా?" అంది సువార్తమ్మ. మర్నాడు షోరూముకి వెళ్లింది.

షోరూములో చరణ్‌తేజ అనే అబ్బాయి ఎదురొచ్చి, నమస్కారం పెట్టి, కుర్చీ వేసి, "స్కూటర్లు అటేపండి మేడమ్" అన్నాడు. కుర్చీ వద్దంది. స్కూటరూ వద్దంది. దూర ప్రయాణాలకు పనికొచ్చే పెద్ద బళ్లు చూపించమంది. అబ్బాయి ఆవిడ జుట్టు వైపు చూశాడు, చెప్పుల వైపు చూశాడు, చివరికి "అంకుల్ గారికాండి?" అన్నాడు.

"అంకుల్ గారు లేరు. నేనే అంకుల్ని. చూపించు."

మానేసి మళ్లీ మొదలెట్టేవాళ్లు తేలికపాటి బండితో మొదలెట్టాలని చరణ్‌తేజ చెప్పాడు. చూసినవాళ్లంతా అదే చెప్పారు. కొనని వస్తువు గురించి సలహా ఇవ్వడానికి మనవాళ్లు ఎప్పుడూ వెనకాడరు. సువార్తమ్మ లెక్క వేరు. గేరు మార్చేది ఎడమ కాలు, అరిగింది ఎడమ మోకాలు. చిన్న బండికి దమ్ముండదు, ఘాటెక్కేటప్పుడు మలుపు మలుపుకీ గేరు మార్చాలి. పెద్ద ఇంజనైతే ఒక్క గేరులో పెట్టి వదిలేస్తే గాండ్రిస్తూ అదే లాక్కుపోతుంది. కాబట్టి ముసలి మోకాలికి పెద్ద బండే మందు.

మూడు బళ్లు చూపించారు. ఆవిడ సంతలో పాడిగేదెను చూసినట్టు ఒక్కోదాని చుట్టూ తిరిగింది. మొదటిది ఒంటెలాగా ఎత్తు. ఎక్కితే కాలివేళ్లు మాత్రం నేలకి అందాయి. "దీని మీద సిగ్నలు దగ్గర ఆగితే నేను డాన్సు చెయ్యాలి" అని దిగిపోయింది. రెండోది అందంగా ఉంది గానీ వంగి పడుకుని నడపాలి, ఆ వయసు దాటిపోయింది. మూడోది అన్నింట్లోకీ బరువైంది. సీటు పల్లంగా ఉంది, రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాయి. ఆవిడ దాన్ని కూర్చునే వెనక్కి నెట్టి చూసింది. బయట వాలు మీద ఆపి, కదిలించి చూసింది. తరవాత లోపలికొచ్చి, తివాచీ మీద దాన్ని మెల్లిగా పక్కకి వంచి పడుకోబెట్టేసింది.

చరణ్‌తేజ "అమ్మో" అన్నాడు. మేనేజరు గాజు గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"కంగారు పడకండి. దేన్నైనా పడితే లేపగలిగితేనే కొనాలి" అంది సువార్తమ్మ. బండికి వీపు పెట్టి, సీటుకి నడుం ఆనించి, చేతులు రెండూ వెనక్కి పోనిచ్చి పట్టుకుని, కుడికాలి బలం మీద ఒక్కో అడుగూ వెనక్కి నెట్టుకుంటూ లేపింది. పడిపోయిన గేదెను లేపే పద్ధతీ ఇదే. ఎడమ మోకాలు కలుక్కుమంది గానీ ఆ సంగతి ముఖంలో కనబడనివ్వలేదు. "ఇదే ఇవ్వండి" అంది.

బండిని ఎంచుకోవడం అక్కడితో అయిపోయింది. అది ఏ రకం బండో తేల్చడం రవాణా కార్యాలయం వంతయింది.

ఆ కార్యాలయానికి అధికారి ఓలేటి సర్వోత్తమం గారు. తెలుగులోనే పాలన జరగాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు మిగతా ఊళ్లలో ఒక పక్షం రోజులు తోరణాలు కట్టి, ఉపన్యాసాలిచ్చి, తరవాత మామూలు పనుల్లో పడిపోయారు. రావికంపేటలో ఆ పక్షం ఇంకా ముగియలేదు. సర్వోత్తమం గారు లైసెన్సును 'చోదన యోగ్యతా పత్రం' చేశారు. హారను 'శబ్ద సూచకం' అయింది, హెడ్‌లైటు 'ముఖ దీపం' అయింది. లారీవాళ్లు లోపలికొచ్చి తమకు కావలసిందేమిటో తెలుగులో చెప్పలేక, ఖాళీ చేతులతో బయటికొచ్చి, తెలుగులోనే తిట్టుకుంటూ పోయేవారు. తిట్లకు అనువాదం అవసరం రాలేదు.

సువార్తమ్మ కాగితాలు తీసుకుని వెళితే కౌంటరు దగ్గర గుమాస్తా పిల్లి నూకరాజు లేచి నిలబడ్డాడు. వాళ్ల నాన్న గేదెకి ఒకప్పుడు ఆవిడే కాన్పు చేసింది.

"అమ్మగారండి, మీది బస్సండి" అన్నాడు నూకరాజు, మెల్లిగా, ఇంట్లో పెద్దవాళ్లు పోయిన కబురు చెబుతున్నట్టు.

"ఏది బస్సు?"

"బయట మీరు స్టాండేసొచ్చింది అదేనండి. కంపెనీవోళ్లు హెవీ టూరింగ్ మోటార్ సైకిలని ఇంగ్లీషులో రాశారండి. సారుగారు దాన్ని 'భారీ యాత్రా యంత్ర ద్విచక్రిక' అని తెలుగు చేశారండి. మరేమో కంప్యూటర్లో ఆ గడిలో మూడు ముక్కలే పడతాయండి. చివర రెండు ముక్కలూ తీసేసి 'వాహనం' అని పెట్టేశారండి. 'భారీ యాత్రా వాహనం'. బాగానే ఉందనుకున్నామండి. తీరా ఎక్కించాక చూద్దుం గదా, భారీ అంటే లారీలూ బస్సులేనండి. యాత్రా అంటే మనుషులెక్కేది కాబట్టి లారీ కాదండి. ఇంక మిగిలింది బస్సే గదండి."

"నూకరాజూ, దానికి రెండే చక్రాలయ్యా."

"నేనూ చూశానండి. 'తక్కిన చక్రములు కనబడుట లేదు' అని రిమార్కు పెట్టానండి."

సువార్తమ్మ అధికారి గదిలోకి వెళ్లింది. సర్వోత్తమం గారు మర్యాదస్తులు. లేచి, చేతులు జోడించి, ఆసీనురాలు కమ్మన్నారు. ఆవిడ నిలబడే చెప్పింది. మాట తప్పుపడింది, మార్చండి అంది.

"డాక్టరమ్మా, మాటను మార్చడమంటే సామాన్య విషయం కాదు" అన్నారు సర్వోత్తమం గారు. "ఒకసారి నమోదైన పదం ప్రభుత్వ పదం. దాన్ని సవరించే అధికారం రాజధానిలోని పారిభాషిక పద నిర్ణయ సంఘానిది. సదరు సంఘానికి ప్రస్తుతం సభ్యులు లేరు. సభ్యులను నియమించవలసిన ఉపసంఘం పేరుకు సరైన తెలుగు మాట దొరకక ఆ దస్త్రం ఆగి ఉన్నది."

"బయటికొచ్చి కంటితో చూడండి సార్. అది మోటారు సైకిలు."

"కన్ను మోసం చేయవచ్చును. దస్త్రం చేయదు." ఆయన గొంతు తగ్గించారు. "అసలు తమకు తెలుగంటే ఎందుకింత విముఖత?"

 అన్ని గూడేల్లో ఆవులతో కూడా తెలుగే మాట్లాడిన మనిషి సువార్తమ్మ. విముఖత లేదని మాత్రం చెప్పింది.

"అయితే చింత దేనికి? పదం మారదు గనక వస్తువును పదానికి అనుగుణంగా తీర్చుకుందాం. బస్సుగా ఉత్తీర్ణత సాధించండి. నా సంపూర్ణ సహకారం ఉంటుంది" అన్నారు సర్వోత్తమం గారు. నిజానికి ఆయన సహకరించారు కూడా. జరిగిన అనర్థమంతా ఆయన సహకారం వల్లే జరిగింది.

మొదటి తనిఖీ ఆవరణలో బస్సుల వరసలో జరిగింది. రెండు పెద్ద బస్సుల మధ్య మోటారు సైకిలు నిలబెట్టారు. అత్యవసర ద్వారం ఎక్కడుందని తనిఖీ అధికారి అడిగాడు. ఏ వైపునుంచైనా దిగిపోవచ్చునని సువార్తమ్మ చెప్పింది. అయితే అన్ని వైపులా ద్వారాలేనని, ద్వారాలకు తలుపులు లేవని, తలుపులు లేని బస్సు ప్రజలకు ప్రమాదకరమని ఆయన రాసుకున్నాడు. ముందు అద్దానికి పైన దేవుడి పటం లేకపోయినా ఫరవాలేదు గానీ హెచ్చరికలు తప్పనిసరి అన్నాడు. దాంతో పెయింటరుని పిలిచి పెట్రోలు ట్యాంకు మీద 'చేతులు, తల బయట పెట్టరాదు' అని రాయించాల్సి వచ్చింది. ఆ బండి మీద మనిషి మొత్తం బయటే ఉంటాడు. ఆ సంగతి నూకరాజు అడిగితే, "పెట్టరాదని రాశాం, పెడితే వారి బాధ్యత" అన్నాడు తనిఖీ అధికారి. దాని కింద 'డ్రైవరుతో మాట్లాడరాదు' అనీ, 'నిలబడి ప్రయాణించువారు: ఎవరూ లేరు' అనీ కూడా పడ్డాయి.

ఆ తరవాత సీట్ల లెక్క వచ్చింది. డ్రైవరు పోను ఒక సీటు. అందులో కొన్ని సీట్లు స్త్రీలకు కేటాయించాలి. ఒకదాన్ని విడగొట్టడం కుదరదు కనక ఆ ఒక్కటీ స్త్రీలకే ఇచ్చేశారు. వెనక సీటు పక్కన ఆడమనిషి బొమ్మ వేసి, కింద 'స్త్రీలకు మాత్రమే' అని రాశారు. బొమ్మ బాగా కుదిరింది. దానికి జడ కూడా వేశాడు పెయింటరు. ఆ సాయంత్రం శాంతమ్మ బండిని చూసి, "ప్రభువా" అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఇదంతా నవ్వుకుని ఊరుకోవచ్చు. నవ్వురానిది దీని తరవాత వచ్చింది. బస్సు నడపడానికి సువార్తమ్మ దగ్గర యోగ్యతా పత్రం లేదు. ఉన్నది మోటారు సైకిలుది. అది బస్సుకి చెల్లదు. కాబట్టి ఆవిడ బస్సు నేర్పే బడిలో చేరింది. ఖాకీ చొక్కా కుట్టించుకుంది. డొక్కు బస్సు మీద, లారీ క్లీనర్ల పక్కన, ఎడమకాలితో క్లచ్చి తొక్కడం నేర్చుకుంది. ఆ క్లచ్చి ఇనుప దూలం. తొక్కిన ప్రతిసారీ మోకాట్లో ఎవరో ఉలి పెట్టి కొట్టినట్టుండేది. ఏ మోకాలిని కాపాడుకుందామని ఏరి ఏరి పెద్ద బండి కొందో ఆ మోకాలు కాస్తా ఆ బండి పేరు చెప్పి పూర్తిగా పాడయింది. ఎముకల డాక్టరు మళ్లీ ఫొటో తీసి, ఎండల దాకా ఆగడానికి లేదు, వచ్చే వారమే చేరిపోవాలన్నాడు. బస్సు మీద ఎందుకు కూర్చున్నారని కేకలేశాడు. మోటారు సైకిలు కోసమని చెబితే, వేరే డాక్టరు పేరు రాసిచ్చాడు.

ఆ రోజు సువార్తమ్మ ఇంటికొచ్చి ఖాకీ చొక్కాతోనే మంచం మీద కూర్చుని ఏడ్చింది. అక్క చూడకుండా కాదు, చూస్తుండగానే ఏడ్చింది. శాంతమ్మ వెక్కిరించలేదు. నూనె తెచ్చి మోకాలికి రాసింది. "ఎప్పుడే ఆ పరీక్ష?" అని అడిగింది.

పరీక్షకు ముందు మళ్లీ సర్వోత్తమం గారి గదిలో సమావేశం. యాత్రా వాహనాన్ని యాత్రలోనే పరీక్షించాలని ఆయన నిర్ణయించారు.

"పుణ్యక్షేత్రం పేరు చెప్పండి."

"మారేడుమిల్లి" అంది సువార్తమ్మ. ఆవిడ ఆలోచించలేదు. నోటికి అదే వచ్చింది.

"అక్కడ ఏ దైవం?"

"పశువుల ఆసుపత్రండి. అక్కడ పని చేశాను."

సర్వోత్తమం గారు కళ్లు మూసుకున్నారు. "గోసేవ! రాసుకోవయ్యా నూకరాజూ. గోక్షేత్రం."

"రాశానండి. గేదెలు కూడా వస్తాయండి అక్కడికి."

"క్షేత్రంలో భేదాలు లేవు. సరే, పరీక్షాధికారి ఒకరు, కండక్టరు ఒకరు, ప్రయాణికుడు ఒకరు ఉండాలి. ఉన్నది ఒకటే ఆసనం. కనక ఆ మూడు పాత్రలూ నేనే నిర్వహిస్తాను." ఆయన సీట్ల లెక్క కాగితం తీసి చూసుకున్నారు. "ఆసనం స్త్రీలది కావడం కొంచెం ఇబ్బందే. అయితే స్త్రీలెవరూ నిలబడి లేనప్పుడు పురుషులు కూర్చోవచ్చునని ఆచారం."

మర్నాడు పొద్దున బండి ముఖ దీపం మీద 'యాత్రా బస్సు: రావికంపేట – మారేడుమిల్లి' అని బోర్డు కట్టారు. సర్వోత్తమం గారు భుజాన కండక్టరు సంచీ, మెడలో ఈల, నెత్తిన సువార్తమ్మ ఇచ్చిన హెల్మెట్టుతో బయటికొచ్చారు. సంచీలో ఆఫీసు ముద్ర, సిరా పెట్టె కూడా ఉన్నాయి. ఫలితం అక్కడికక్కడే ప్రకటిస్తారట. నూకరాజు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చాడు. మామూలు బస్సు లెక్కన తెచ్చాడేమో, పెట్టగా మిగిలినవి చేతిలోనే ఉండిపోయాయి. వాటిని సువార్తమ్మ జేబులో వేసి, "అమ్మగారండి, పచ్చడి పెట్టుకోండి" అన్నాడు.

ఈల మోగింది. వెంటనే వెనకనుంచి "కుడి, కుడి!" అని వినబడింది. సువార్తమ్మ ఉలిక్కిపడి హ్యాండిల్ కుడివైపు తిప్పబోయి, ప్రహరీ గోడ చూసి ఆగిపోయింది.

"ఎందుకండి కుడి?"

"కండక్టర్లు రైట్ రైట్ అంటారు గదా. తెలుగులో అన్నాను."

అక్కణ్ణించి ఆవిడ వెనక మాట వినడం మానేసింది. డ్రైవరుతో మాట్లాడరాదని ట్యాంకు మీద ఎటూ రాసే ఉంది. గోకవరం దాటాక రోడ్డు ఖాళీ అయింది. బండి ఒక్క గేరులో పడి, గొంతు దించుకుని, హాయిగా లాగుతోంది. ఆవిడ ఎంచుకున్నప్పుడు ఎలా లాగుతుందనుకుందో అలాగే లాగుతోంది. ప్రతి ఊళ్లోనూ స్టాపు దగ్గర ఆపాలి, సర్వోత్తమం గారు ఊరి పేరు కేకెయ్యాలి, జనం నవ్వాలి, మళ్లీ కదలాలి. ఎవరూ ఎక్కలేదు. ఎక్కుతారన్న అనుమానం కూడా ఆయనకు రాలేదు.

రంపచోడవరం దాటాక అడవి మొదట్లో ఒక రేకుల షెడ్డుంది. అందులో ఒక ముసలామె నెత్తిన విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టతో నిలబడి ఉంది. బస్సు కోసం చాలాసేపట్నించి చూస్తున్నట్టుంది. ఈల విని, సంచీ చూసి, చెయ్యెత్తింది. బస్సన్నాక ఆపాలి. సువార్తమ్మ ఆపింది.

"మారేడుమిల్లేనా? ఘాటీలోకి ఎల్తాదా?" అంది ముసలామె.

"మారేడుమిల్లి వరకే. ఆపై సేవ లేదు" అన్నారు సర్వోత్తమం గారు అలవాటుగా.

"అక్కడి దాకా ఎల్తే చాలు." ఆమె వెనక్కొచ్చి సీటు పక్కనున్న జడబొమ్మ చూసింది. సర్వోత్తమం గారిని చూసింది. "లెగు బాబూ. ఆడోళ్ల సీటు గదా."

సర్వోత్తమం గారు లేవలేదు. ఆయన పౌరుషం అడ్డొచ్చి కాదు, ఆలోచన అడ్డొచ్చింది. ఆమెకు సీటివ్వకపోతే నేరం. ఆ నేరానికి పోయిన నెలలో ఆయనే ఒక కండక్టరుని కోర్టుకి పంపారు. సీటిచ్చి నిలబడదామంటే, నిలబడి ప్రయాణించువారు ఎవరూ లేరని రాయించిందీ ఆయన కార్యాలయమే. దిగిపోదామంటే కండక్టరు లేకుండా బస్సు కదలరాదు. కదలకపోతే ప్రయాణికురాలికి అసౌకర్యం. చుట్టూ అడవి. ఆయన ఎటు చూసినా నిబంధనే కనబడింది.

"లెగు బాబూ, కట్ట బరువుగా ఉంది" అని ముసలామె అడ్డాకుల కట్ట దించి, ఆయన ఒళ్లో పెట్టింది.

కట్ట నిజంగానే బరువైంది. సర్వోత్తమం గారి నోట్లోంచి, కొన్ని నెలల తరవాత మొదటిసారి, మామూలు మాట బయటపడింది.

"అమ్మా, ఇది బస్సు కాదమ్మా! మోటారు సైకిలు!"

సువార్తమ్మ ఇంజను ఆపేసింది. అడవిలో పిట్టలు వినబడ్డాయి.

"ఇంకోసారి అనండి" అంది.

"అబ్బే, ప్రయాణికురాలికి అర్థమయ్యేటందుకు..."

"అర్థమైంది. నాక్కూడా అర్థమైంది. రాసివ్వండి."

"అది పద నిర్ణయ సంఘం..."

"సంఘం వద్దు. మీరు పరీక్షాధికారి. బండిని పరీక్షించారు. బస్సయితే లేచి ఆమెకు సీటివ్వండి. కాకపోతే కాదని రాయండి. రెండింట్లో ఏదైనా ఫరవాలేదు, నేను మీరు చెప్పినట్టే వింటాను" అంది సువార్తమ్మ. ఆవిడ గొంతు పెంచలేదు. ఈనలేని ఆవు దగ్గర కూర్చున్నప్పుడు ఎంత నిదానంగా మాట్లాడేదో అంత నిదానంగానే మాట్లాడింది.  ఆపరేషను ఇంకెన్నో రోజుల్లేదు. ఈ మనిషి కాదంటే ఇక ఘాటు లేదు.

సర్వోత్తమం గారు ఒళ్లోని కట్ట చూశారు. ముసలామె కళ్లు చూశారు. ఆకుల కట్ట మీదే కాగితం పెట్టుకుని, 'పరీక్షించగా సదరు వాహనం బస్సు కాదని, మోటారు సైకిలని తేలినది' అని రాసి, సంతకం చేసి, ముద్ర వేశారు. ముద్ర కాస్త వంకరగా పడింది. రాసింది చదువుకున్నాక ఆయన ముఖం తేటపడింది. నిజం రాయడం కష్టమేమీ కాదని అప్పుడే తెలిసినట్టుంది.

"సరే, ఇక వెళ్దామా?" అన్నారు.

"మీ ఇష్టమండి" అంది సువార్తమ్మ. "నాకు అభ్యంతరం లేదు."

ఆయన మళ్లీ ఆలోచించారు. "వెళ్లరాదు" అన్నారు చివరికి, బాధగా. "బస్సు కానప్పుడు బస్సు పరీక్ష లేదు. పరీక్ష లేనప్పుడు నేను విధుల్లో లేను. కార్యాలయ వేళల్లో విధుల్లో లేని అధికారి దరఖాస్తుదారు సొంత వాహనంపై విహరించడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధం." ఆయన తనంతట తానే దిగారు. ఎవరూ దింపలేదు. షెడ్డులో బల్ల తుడుచుకుని కూర్చున్నారు.

"బస్సెప్పుడొస్తుందండి?" అని సువార్తమ్మ అడిగింది. ఆవిడకు నిజంగానే జాలేసింది.

"వేళాపట్టిక ప్రకారం ఈపాటికి వచ్చి ఉండాలి. వచ్చే ఉంటుంది" అన్నారు సర్వోత్తమం గారు.

హెల్మెట్టు మాత్రం ఆవిడ అడిగి తీసుకుంది. ఇప్పుడు వెనక కూర్చునేవాళ్లకు అది కావాలి. ముసలామె తలకి హెల్మెట్టు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, ఆకుల కట్ట పక్కకి కట్టింది. బోర్డు విప్పి షెడ్డు గోడకి ఆనించింది.

"టికెట్టెంతమ్మా?" అంది ముసలామె.

"టికెట్ లేదు. మీ ఊరెక్కడ?"

"ఘాటీ మీదన. అవతలేపు."

"నేనూ అటే" అంది సువార్తమ్మ.

మారేడుమిల్లిలో పాత ఆసుపత్రి ముందు ఆగుదామనుకుంది గానీ ఆగలేదు. బొంగులో చికెన్ పొగలు దాటి, చెక్‌పోస్టు దాటి, రోడ్డు కొండలోకి తిరిగింది. మొదటి మలుపు దగ్గర ఆవిడ ఎడమకాలు గేరు మీదికి పోబోయి ఆగింది. అవసరం లేకపోయింది. బండి తనంతట తనే గుటుక్కున గొంతు మార్చుకుని ఎక్కేసింది. రెండో మలుపులో ఆవిడ ఒళ్లు దానంతటదే వాలింది. ఇన్నాళ్లూ ఏమీ మరిచిపోలేదని ఆవిడకి అప్పుడు తెలిసింది. కళ్లలో నీళ్లొచ్చాయి. గాలికి కాదు, సంతోషానికే వచ్చాయి.

వెనకనుంచి ముసలామె రెండు చేతులతోనూ ఆవిడ నడుం గట్టిగా పట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, "మెల్లిగా డ్రైవరమ్మా, మెల్లిగా" అని అరిచింది.

సువార్తమ్మ మెల్లిగా పోలేదు.